గుండె వెనక కాపలా

నేను ఒక నల్లటి గొట్టాన్ని. రెండు మూరల పొడవు, చిటికెన వేలంత లావు. మత్తులో ఉన్న మనిషి నోట్లోంచి అన్నం దిగే దారిలోకి నన్ను దించుతారు. అక్కడ గుండె నాకు ఆనుకునే ఉంటుంది. నా కొస నుంచి చెవికందని శబ్దం వెళ్లి, గుండెకి తగిలి తిరిగొస్తుంది. దాన్ని బట్టి మెషీన్ తెర మీద గుండె బొమ్మ ఆడుతుంది. ఎదుటివాళ్ల గుండెలో ఏముందో తెలియక మనుషులు జన్మంతా తంటాలు పడతారు. నాకది పెద్ద పని కాదు.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో, ఒళ్లంతా తెల్లగుడ్డ కప్పుకున్న ఆడవాళ్లు భూతద్దం కింద నా తీగలు అతికారు. మొదట హైదరాబాదులో ఒక పెద్ద గుండె ఆసుపత్రిలో చేశాను. కొత్త రకం రాగానే వాళ్లకి నేను పాతబడ్డాను. మెషీన్‌తో సహా కోస్తాలో ఒక ఊరి ఆసుపత్రికి అమ్మేశారు.

అక్కడ నన్ను అడిగి తెప్పించుకున్నది మత్తు డాక్టరు జలజాక్షి. వెన్నెముక ఆపరేషన్లకి గుండె గొట్టం ఎందుకని అందరూ నవ్వారు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మనిషిని బోర్లా పడుకోబెట్టి వెన్ను తెరిచినప్పుడు, గాయం గుండె కంటే ఎత్తులో ఉంటుంది. తెగిన ఎముకలో నోరు తెరుచుకున్న సిరలు గాలిని లోపలికి పీల్చేస్తాయి. ఆ గాలి గుండెకి చేరి రక్తం దారికి అడ్డం పడితే ప్రాణం పోతుంది. మిగతా మీటర్ల కంటే ముందు దాన్ని పట్టేది నేనే.

ఒక్క చిక్కుంది. రక్తం ఆపడానికి సర్జను కరెంటుతో కాల్చేటప్పుడు తెర నిండా గీతలు పడతాయి. అందుకని అంతసేపూ బటన్ నొక్కి నన్ను ఆపేస్తారు. ఆపితే తెర మీద గుండె బొమ్మ కూడా బిగుసుకుపోతుంది. సర్జను విశ్వంభరం గారికి అది గిట్టేది కాదు.

“కత్తి పట్టుకున్నవాడి ఎదురుగా ఆగిపోయిన గుండె బొమ్మా? అపశకునం. తీసెయ్యండది!” అన్నారు.

ఇంజనీరు వచ్చి మార్చి వెళ్లాడు. అప్పట్నుంచీ నన్ను ఆపితే, చివరి నాలుగు కొట్టుకోవడాలే తెర మీద మళ్లీ మళ్లీ ఆడేవి. సార్ సంతోషించారు.

నూకరత్నం పలాస వైపు నుంచి వచ్చింది. జీడిపిక్కల పని. వెన్ను వంకర తిరిగి, ఊపిరి కూడా సరిగా అందడం లేదు. బల్ల మీద నన్ను చూసి భయపడింది.

“ఓలమ్మో, ఈ పాముని నా గొంతులోకి తోస్తారేటి?”

“నీకు తెలీదులే. మత్తులో ఉంటావు,” అంది జలజాక్షి. “గాలి గుండెలోకి పోతే ఇదే చెప్తుంది. నీకు కాపలా.”

“అయితే తొయ్యండి డాక్టరమ్మా. ఎల్లకిలా పడుకోని ఎన్నాళ్లయిందో. ఒక్క రేత్రి అలా పడుకుంటే సాలు.”

మొదట్లో ఆమె గుండె శుభ్రంగా కనిపించింది. సార్ “కాలుస్తున్నా” అన్నారు. జలజాక్షి బటన్ నొక్కింది. నా చూపు పోయింది. కాల్చడం అయిపోయింది. సరిగ్గా అప్పుడే రక్తం ఎక్కువగా పోతోందని ఆవిడ రక్తం సంచి ఎక్కించడానికి లేచింది. తలెత్తి తెర చూసింది. గుండె చక్కగా ఆడుతోంది. నన్ను మళ్లీ మొదలుపెట్టలేదన్న సంగతి ఆవిడకి తట్టలేదు.

“జలజా, గుండె ఎలా ఉంది?”

“బాగుంది సార్. మీకూ కనిపిస్తోందిగా!”

“బంగారంలా ఉంది,” అన్నారాయన, ఎముక కోస్తూ.

నాకు ఆనుకున్న గుండె తడబడటం మొదలైంది. గుద్దు గుద్దుకీ బలం తగ్గుతోంది. నాకు కన్నూ లేదు, నోరూ లేదు. తెర మీద మాత్రం ఆ నాలుగు కొట్టుకోవడాలూ హాయిగా తిరుగుతున్నాయి.

వేరే మీటరు మోగింది. జలజాక్షి ఉలిక్కిపడి బటన్ నొక్కింది. నాకు చూపొచ్చింది. గుండె కుడి అర నిండా మరిగే గంజి మీది నురగలా గాలి.

“సార్, గాలి! గాయంలో సెలైన్ పొయ్యండి!”

ఇంకా గాలి దూరకుండా పోశారు. ఆమెను వెల్లకిలా తిప్పారు. అలా పడుకున్న ఆమె ఛాతీని వంతులవారీగా నొక్కారు. నేను లోపలే ఉన్నాను. వాళ్ల చేతుల బరువు నాకు తగిలింది. ఆమె గుండె బలం తగల్లేదు.

బయట నూకరత్నం అక్క ఏడుపు వినిపించింది. జలజాక్షి నన్ను బయటికి తీసి, ఎవర్నీ తాకనివ్వకుండా తనే కడిగింది.

వారం తిరక్కుండా మీటింగు పెట్టారు. ఆ బటన్ వల్లే, తన వల్లే జరిగిందని జలజాక్షి చెప్పింది. ఆడే బొమ్మని తీసెయ్యమని, నన్ను మాత్రం ఉంచమని బతిమాలింది. విశ్వంభరం గారు తల అడ్డంగా ఊపారు.

“ఆ గొట్టం ఉండగానే కదమ్మా పోయింది? ఉండీ ఏం ఒరగబెట్టింది?”

అందరికీ అదే సబబనిపించింది. నన్ను స్టోర్ బీరువాలో కొక్కేనికి వేలాడదీశారు. జలజాక్షి ఇంకో ఊరు వెళ్లిపోయింది. నన్ను అడిగేవాళ్లు లేరు. నా నల్లతొడుగు బీటలు వారుతోంది.

బీరువాకి ఆనుకున్న గోడ అవతలే థియేటర్. ఇవాళ అక్కడ ఎవరినో బోర్లా తిప్పుతున్నారు. “జాగ్రత్త, మెడ పట్టుకో,” అంటున్నారు. విశ్వంభరం గారి గొంతు హుషారుగా ఉంది. ఎముక కోసే చప్పుడు మొదలైంది.