ఫాదర్ గారి ఎడమ చెవి

ఆ గుడిలో పాపసంకీర్తనం చేసి తప్పులు చెప్పుకునే చెక్క గదికి రెండు పక్కలా రెండు జాలీ కిటికీలున్నాయి. మధ్యలో ఫాదర్ గారు కూర్చుంటారు. ఆయనకి డెబ్బై దాటాయి. కుడి చెవి భేషుగ్గా పనిచేస్తుంది, ఎడమ చెవి మాత్రం ఎప్పుడో చేతులెత్తేసింది. ఈ సంగతి గుడికొచ్చే వాళ్ళందరికీ తెలుసు. తమకి తెలుసని ఫాదర్ గారికి తెలియదని వాళ్ళ నమ్మకం. అందుకే శనివారం మధ్యాహ్నం కుడి వరసలో పెళ్ళాం మీద విసుక్కున్న వాళ్ళూ, ప్రార్థన ఎగ్గొట్టిన వాళ్ళూ నిలబడతారు. ఎడమ వరసలో నేల చూపులు చూసే వాళ్ళు నిలబడతారు. ఏ వైపు నిలబడ్డారో చూస్తే ఎవరి పాపం ఎంత బరువో ఇట్టే తెలిసిపోతుంది. అయినా సరే, ఎడమ వరస ఎప్పుడూ పొడుగ్గానే ఉంటుంది.

టీచరమ్మ నెలకోసారి కుడి వైపు నిలబడేది. ఈ ఫాదర్ గారు వచ్చిన పదకొండేళ్ళలో రెండుసార్లు మాత్రం ఎడమ వైపు నిలబడింది. ఆ రెండుసార్లూ ఆమె ఏదో గొణిగింది, ఆయన సరేనమ్మా అన్నారు, ఆమె ఇంటికెళ్ళింది. మనసు మాత్రం తేలికపడలేదు.

ఆమె అసలు వృత్తి బట్టలు సరిచెయ్యడం. బజారులో ఒక కొట్టు వెనక గదిలో కూర్చుని ఒకరి పాంటు కురచ చేస్తుంది, ఇంకొకరి నడుము వదులు చేస్తుంది. టీచరమ్మ అన్న పేరు బుధవారం సాయంత్రాల వల్ల వచ్చింది. గుడి వెనక హాల్లో, జ్ఞానస్నానం తీసుకోబోయే పెద్దవాళ్ళకి పన్నెండేళ్ళుగా పాఠాలు చెప్తోంది. దేవుడు ఒక్కడేననీ, ఆ ఒక్కడిలోనే తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ అనీ చెప్తుంది. ఏడు సంస్కారాలు వేళ్ళ మీద లెక్కపెట్టిస్తుంది. బైబిల్లో డెబ్బై మూడు పుస్తకాలున్నాయనీ, నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి మొదలుపెడితే మూడో పుస్తకానికే గుర్రు పెడతారనీ, కాబట్టి ముందు సువార్తలు తెరవమనీ హెచ్చరిస్తుంది. పాపసంకీర్తనం పాఠం వచ్చిన రోజు మాత్రం ఆమె క్లాసు వైపు చూడదు. ఒక పెద్ద పాపాన్ని తెలిసి తెలిసి దాచిపెట్టి మిగతావి చెప్పుకుంటే, ఆ చెప్పుకున్నవి కూడా చెల్లవు అన్న మాటని ఏటా నల్లబల్లకే చెప్తుంది.

ఎందుకంటే ఆమె దాచింది. పంతొమ్మిదేళ్ళ నుంచి దాస్తూనే ఉంది.

అప్పట్లో అత్తగారు మూడేళ్ళు మంచం మీద ఉంది. టీచరమ్మ చేసిన సేవకి వంక పెట్టిన వాళ్ళు లేరు. ఒంట్లో బాగా లేనప్పుడల్లా అత్తగారు ఫాదర్ని పిలిపించమనేది. అప్పటి ఫాదర్ సైకిల్ మీద వచ్చి, జబ్బు మనుషులకిచ్చే సంస్కారంగా నుదుటి మీదా అరచేతుల్లోనూ పవిత్ర తైలం రాసి, ప్రార్థన చేసి, సత్ప్రసాదం ఇచ్చి వెళ్ళేవారు. ఆయన గేటు దాటకముందే అత్తగారు లేచి కూర్చుని వేడి పాలు అడిగేది. ఇలా నాలుగుసార్లు జరిగింది. ఐదోసారి ఒక మధ్యాహ్నం మళ్ళీ పిలిపించమంది. టీచరమ్మ ముందు మిషను మీద ఒక పెళ్ళికూతురి గౌను ఉంది, సాయంత్రానికి ఇవ్వాలి. "కబురు పెట్టాను అత్తయ్యా, వచ్చేస్తున్నారు" అంది. కబురు పెట్టలేదు. ఈ అంచు కుట్టేసి తనే వెళ్దామనుకుంది. అంచు పూర్తయ్యేసరికి అత్తగారు పోయింది. కళ్ళు గుమ్మం వైపే తెరిచి ఉన్నాయి.

డ్యూటీ దిగి ఇంటికొచ్చిన భర్త, ఆయన బస్సు డ్రైవరు, ఫాదర్ వచ్చారా అని అడిగాడు. కబురు పెట్టాను, రాలేదు అని ఆమె నోటి నుంచి వచ్చేసింది. అంతే. అంత్యక్రియల రోజున ఆ ఫాదర్ చెయ్యి చాపితే ఈయన చెయ్యి కలపలేదు. ఎందుకు రాలేదని మొహాన అడిగేసి ఉంటే అప్పుడే తేలిపోయేది. కానీ ఆయన అడిగే రకం కాదు, కడుపులో పెట్టుకునే రకం. ఆ రోజు నుంచి గుడి గడప తొక్కలేదు. భార్యని స్కూటరు మీద తెచ్చి దింపుతాడు. ఆమె బయటికొచ్చే వరకు ప్రహరీ పక్క బెంచీ మీద పేపరు చదువుకుంటాడు. ఆ ఫాదర్, పాపం, తనేం తప్పు చేశారో తెలియక రెండుమూడుసార్లు పలకరించి చూశారు. తర్వాత బదిలీ అయి వెళ్ళిపోయారు. ఇప్పుడు ముసలి ఫాదర్లు ఉండే ఇంట్లో ఉన్నారు.

నిజం చెప్తే భర్త ఏమంటాడోనన్న భయం కొన్నాళ్ళు. ఇన్నాళ్ళు చెప్పనిది ఇప్పుడేం చెప్తాంలే అన్న భయం మిగతా కాలమంతా.

ఈ ఏడాది క్లాసులో ఆరుగురున్నారు. అందరిలోకీ గట్టివాడు ప్లంబరు. నలభై రెండేళ్ళ మనిషి, మొహమాటం బొత్తిగా లేదు. జ్ఞానస్నానంతో అప్పటిదాకా చేసిన పాపాలన్నీ పోతాయని విన్నప్పుడు, నలభై రెండేళ్ళ మురికి ఆ కాసిని నీళ్ళకే పోతుందా, నా పనిలో అయితే పోదమ్మా అని అందరినీ నవ్వించాడు. చదివేటప్పుడు మాత్రం పైపులో ఎక్కడ కారుతోందో వెతికినట్టు ప్రతి వాక్యం మీదా వేలు పెట్టి చదువుతాడు.

ఆ బుధవారం లూకా సువార్తలో ఇల్లు వదిలి వెళ్ళిన కొడుకు కథ చదివారు. టీచరమ్మకి కంఠతా వచ్చిన కథ. కొడుకు వాటా తీసుకుని వెళ్ళిపోయి, అంతా తగలేసి, ఆకలితో తిరిగొస్తాడు. తండ్రి ఎదురెళ్ళి కౌగిలించుకుంటాడు. దేవుడి క్షమ అలాంటిదని చెప్పి ఆమె పుస్తకం మూయబోయింది.

"ఒక్క మాట టీచరమ్మా" అన్నాడు ప్లంబరు. "ఆ అబ్బాయి దారిలో ఏం చెప్పాలో అంతా అనుకుని బయల్దేరాడు కదా. తప్పు చేశాను, నీ కొడుకుననిపించుకోను, పనివాడిగా పెట్టుకో అని. ఇంటికొచ్చాక ఆ పనివాడి మాట లేదు. నాన్న అక్కడిదాకా రానివ్వలేదు."

ఆమె మళ్ళీ చూసింది. నిజమే, ఆ మాట లేదు. పన్నెండేళ్ళుగా పాఠం చెప్తూ, ఆ ఖాళీ ఆమె కంట పడలేదు. ఆ తండ్రికి కొడుకు మొదటి మాటే చాలింది. తనేమో పంతొమ్మిదేళ్ళుగా సంజాయిషీ తయారు చేసుకుంటోంది. అలసిపోయానని చెప్పాలి, గౌను అర్జంటని చెప్పాలి, నాలుగుసార్లు లేచి కూర్చున్న మనిషి ఐదోసారీ లేస్తుందనుకున్నానని చెప్పాలి. మొదటి ముక్క మాత్రం ఇంతవరకు ఎవరికీ వినబడేలా చెప్పలేదు.

క్లాసు అయ్యాక ప్లంబరు ఆగి, చేతులు నలుపుకుంటూ, తనకి జ్ఞానతల్లిగా నిలబడమని అడిగాడు. వయసులో మీరు అక్కయ్యలా ఉంటారు కానీ, నన్ను ఇక్కడిదాకా నడిపించింది మీరే అన్నాడు. జ్ఞానతల్లి అంటే పక్కన నిలబడి ఫొటో దిగడం కాదని తనే వాళ్ళకి నేర్పింది. ఇతని విశ్వాసానికి నేను తోడు అని గుడి మధ్యలో నిలబడి మాటివ్వాలి. ఆమె సరేనంది. వచ్చే ఆదివారం ఫాదర్ గారికి పేర్లు ఇవ్వాలి. అంటే ఆమె చేతిలో ఉన్నది ఒకే ఒక్క శనివారం.

శనివారం భర్త ఎప్పట్లాగే దింపి బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికెళ్ళిన ఆమె కాళ్ళు వాటంతటవే ఎడమ వరస వైపు నడిచాయి. తిట్టుకుంది, కానీ కదల్లేదు. ముందు ముగ్గురు, వెనక ఇద్దరు. తన వంతు రాగానే మోకరించింది. రెండు చిన్న పాపాలు మామూలుగా చెప్పింది. మూడోది చెప్పేటప్పుడు గొంతు దానంతటదే గుసగుసలోకి దిగిపోయింది. అయినా చెప్పింది, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది.

జాలీ అవతల నుంచి సరేనమ్మా అని వినిపించింది. విసుక్కోవడం తగ్గించుకో, ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకో అని, పాపవిమోచనం ఇవ్వడానికి ఆయన చెయ్యెత్తారు. ఆ నీడ జాలీ మీద కదిలింది.

ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే సరిపోతుంది. చెప్పాను కదా, ఆయనకి వినబడకపోతే నా తప్పా అని ఇంటికెళ్ళిపోవచ్చు. ఇంతకుముందు రెండుసార్లూ అలాగే వెళ్ళింది. ఈసారి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆగండి ఫాదర్" అంది. "మీకు వినబడలేదు."

జాలీ మీద ఎత్తిన చెయ్యి నీడ కిందికి దిగింది.

"వినబడలేదమ్మా" అన్నారు ఆయన. "ఈ పక్క నాకు సగమే వినబడుతుంది. మిగతా సగం దేవుడికి వదిలేస్తాను. అందుకే ఈ వరస ఎప్పుడూ పొడుగని నాకు తెలుసు. ఇన్నేళ్ళలో ఆగమన్నది నువ్వొక్కదానివే."

కుర్చీ కిర్రుమంది. ఆయన ముసలి ఒళ్ళుని కూడగట్టుకుని, లేచి, కుర్చీని పూర్తిగా వెనక్కి తిప్పుకుని, కుడి చెవిని ఎడమ జాలీకి ఆనించారు. ఇప్పుడు చెప్పమ్మా అన్నారు. బయట వరసలో వాళ్ళు మర్యాదకి నాలుగడుగులు వెనక్కి వేశారు.

ఆమె చెప్పింది. అలసటా, గౌనూ, నాలుగుసార్లూ ఏవీ నోటికి రాలేదు. అత్తయ్య ఫాదర్ని అడిగితే నేను పిలవలేదు, పిలిచానని ఆవిడతో అబద్ధం చెప్పాను, రాలేదని మా ఆయనతో అబద్ధం చెప్పాను, ఆయన గుడి మానేశాడు అంది. నాలుగు ముక్కలు. పంతొమ్మిదేళ్ళు మోసిన బరువు నాలుగు ముక్కల్లో అయిపోయింది. తర్వాత ఏడ్చింది. గుమ్మం వైపే చూస్తూ పోయిన అత్తయ్య ఆత్మ ఏమైందో అని అడిగింది. అసలు భయం అదే.

ఆవిడకి అంతకు ముందు తైలం ఎప్పుడు రాశారని ఫాదర్ గారు అడిగారు. తొమ్మిది రోజుల ముందు అని చెప్పింది. సత్ప్రసాదం? అదీ అప్పుడే.

"నువ్వు పాఠం చెప్పే దానివి, నీకే నేను చెప్పాలా?" అన్నారు ఆయన, కానీ గొంతులో కోపం లేదు. "సంస్కారాలు మన కోసం ఆయన వేసిన దారులు. ఆ దారి మనం మూసేస్తే ఆయన ఇంటి బయట ఆగిపోతాడా? ఆవిడ గుమ్మం వైపు చూస్తూ ఎవరికోసం ఎదురుచూసిందమ్మా? దేవుడి కోసమే కదా. ఆ ఎదురుచూపుని ఆయన చూడకుండా ఉంటాడా? ఆవిడ సంగతి ఆయన చూసుకుంటాడు, నమ్ము. నీ తప్పు నీదే, దాన్ని చిన్నది చెయ్యను. కానీ ఒక మనిషి మంచి పేరు నీ దగ్గర ఉండిపోయింది. అది తిరిగిచ్చెయ్యాలి."

మా ఆయనకి ఎలా చెప్పాలి అని ఆమె అడిగింది. అది నేను చెప్పలేను, నాకు పెళ్ళి కాలేదు అన్నారు ఆయన. ఏడుస్తూనే ఆమెకి నవ్వొచ్చింది. అప్పుడు ఆయన చెయ్యెత్తి పాపవిమోచనం ఇచ్చారు. ఈసారి ఒక్కో మాటా ఆమె చెవిన పడింది. లేచి నిలబడితే మోకాళ్ళు నొప్పి పుట్టాయి, గుండె మాత్రం హాయిగా కొట్టుకుంటోంది. ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోవచ్చని ఆమె మర్చిపోయింది.

వెనక బెంచీలో మోకరించి ప్రాయశ్చిత్తం పూర్తిచేసుకుంది. ఆ తేలిక ఉండగానే చెప్పెయ్యాలని తిన్నగా బయటికొచ్చింది. భర్త పక్కన బెంచీ మీద కూర్చుని, ఆ నాలుగు ముక్కలే మళ్ళీ చెప్పింది.

ఆయన పేపరు మడిచాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు.

"కబురే పెట్టలేదా?"

"లేదండీ."

"అమ్మ ఏమైనా అందా?"

"ఫాదర్ వస్తే కూర్చోడానికి కుర్చీ వెయ్యమంది. వేశాను."

ఆయన లేచి ప్రహరీ చివరిదాకా నడిచాడు. అక్కడ గోడకి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. వెళ్ళిపోతాడనుకుంది. స్కూటరు తాళాలు ఆయన జేబులోనే ఉన్నాయి. ఆమె కదలకుండా కూర్చుంది. ఏం జరిగినా సరే, ఇంక దాచేది ఏమీ లేదు.

తిరిగొచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నీ మీద కోపం ఉంది, ఇవాళా రేపట్లో పోదు అన్నాడు. ఆమె తలూపింది.

"ఆ ముసలాయన్ని రోజూ తిట్టుకున్నాను" అన్నాడు. "స్టీరింగు పట్టుకుని కూడా తిట్టుకున్నాను. మా అమ్మ సమాధి దగ్గర ఆయన చెయ్యి చాపితే చూసీ చూడనట్టు నిలబడ్డాను. ఏ పాపమూ ఎరగని మనిషి. రేపు వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను." కాస్త ఆగి గుడి తలుపు వైపు చూశాడు. "లోపల ఫాదర్ ఉన్నారా ఇంకా?"

ఉన్నారని చెప్పింది. ఇద్దరూ మెట్ల దాకా వచ్చారు. గడప ముందు ఆయన ఆగిపోయాడు. మొదట ఏం చెప్పాలో మర్చిపోయాను అన్నాడు. మెల్లగా, సిగ్గుపడుతూ అన్నాడు. ఆశీర్వదించండి ఫాదర్, నేను పాపం చేశాను అనాలని ఆమె చెప్పింది. తర్వాత, కిందటిసారి మంచి పాపసంకీర్తనం చేసి ఎన్నాళ్ళయిందో చెప్పాలంది.

"పంతొమ్మిదేళ్ళు" అన్నాడాయన.

"నేనూ ఇందాక అదే చెప్పాల్సింది, నెలనెలా చెప్పుకున్నవేవీ చెల్లలేదు కదా" అంది ఆమె. "పదండి, మీ వెనక నేనూ నిలబడతాను."