ఏసం డాక్టరు

మా మామ్మ చేత నోరు తెరిపించడానికి నాకు ఒక సినిమా బృందం మొత్తం కావలసివచ్చింది.

నోరు తెరవడమంటే మాట్లాడటం అనుకునేరు. ఆ విద్యలో రాయ్‌పూర్‌లోని మా గుఢియారీ పేట మొత్తం మీద మా అప్పలనరసమ్మ మామ్మని మించినవాళ్లు లేరు. డాక్టరు ముందు ‘ఆ’ అనమంటే మాత్రం పెదవులు బిగించేస్తుంది. ఆవకాయ లేకపోతే కంచం తోసేసే మనిషి, కొన్ని నెలలుగా చప్పటి పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడం లేదు. కాస్త కారం తగిలినా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మా నాన్న సూరిబాబు రైల్వేలో గొంతు పెద్దదన్న పేరున్నవాడే గాని తల్లి ముందు పిల్లి. డాక్టరుకి చూపిద్దామని ఒకసారి అని చూశాడు.

“సూపిస్తేనే కదరా రోగం పుడతాది. సూపించకపోతే దానికి పేరే నేదు” అంది మామ్మ. నాన్న డ్యూటీకి వెళ్లిపోయాడు.

నా భయం వేరు. మామ్మది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోపల పెట్టుకుని పీల్చడం. మా విజయనగరం వైపు పాతకాలపు ఆడవాళ్లకి అలవాటే. తాతకి రాయ్‌పూర్ వ్యాగన్ రిపేర్ షాపులో పని దొరికి, క్వార్టరుకి కాపురానికొచ్చిన రోజునుంచి ఆవిడ ఆ నిప్పుని అంగిట్లో దాచుకునే అంట్లు తోమింది, పిల్లల్ని పెంచింది, తాతతో పోట్లాడింది. ఇప్పటికీ ఊరినుంచి రైల్లో ఎవరొచ్చినా పొగాకు కట్ట తేవలసిందే. అంత కాలం నిప్పు తగిలిన చోట ఏముందో చూడాలని నాకు ప్రాణం కొట్టుకులాడేది. చూడనిస్తే కదా.

ఆ రోజుల్లోనే నేను వివేక్ దగ్గర పనికి చేరాను. వివేక్ భిలాయి స్టీలు ప్లాంటు తెలుగువాళ్ల అబ్బాయి, డైరెక్టరు. ఏదో ఆరోగ్య సంస్థ వాళ్లు గుడాఖు మీద డాక్యుమెంటరీ తీసిపెట్టమన్నారు. పొగాకూ బెల్లం మడ్డీ కలిపి నూరిన నల్లటి ముద్ద అది. డబ్బీల్లో అమ్ముతారు, వేలితో తీసి చిగుళ్లకి పులుముకుంటారు. మా బృందంలో కెమెరా యోగేష్‌ది, సౌండు మా నాగబాబు బావది, మిగతా చాకిరీ అంతా నాది.

మొదటి వారం గుఢియారీ అంతా తిరిగాం. గుడాఖు వాడేవాడు ఒక్కడూ దొరకలేదు. ఎవర్నడిగినా ఛీ, పొగాకా, మేం ముట్టం అన్నారు. సందు సందునా నల్లటి వేలు నోట్లో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నవాళ్లే. అదేమిటయ్యా అంటే పళ్లు తోముకుంటున్నాం అన్నారు. రోజుకి ఎన్నిసార్లు తోముకుంటారని అడిగితే, శుభ్రం ఉన్నవాళ్లు ఎన్నిసార్లయినా తోముకుంటారని మాకే బుద్ధి చెప్పారు. వాళ్లననేం లాభం. మా షూటింగు మధ్యాహ్నందాకా మొదలయ్యేది కాదు. వివేక్ పళ్లు తోముకుంటున్నాడని యోగేష్ ఆగేవాడు. వివేక్ వచ్చేసరికి యోగేష్ తోముకోవడానికి వెళ్లేవాడు. అంత శుభ్రమైన బృందాన్ని నేను జన్మలో చూడలేదు.

దీన్ని నిషేధించాలనేవాళ్లకి నాయకురాలు మా పక్కింటి రంగనాయకమ్మ పిన్ని, మహిళా సమితి అధ్యక్షురాలు. నిషేధిస్తే ఊరుకోం, ఇది మా పళ్ల హక్కు అనేవాళ్లకి నాయకుడు కిరాణా కొట్టు కొండలరావు. ఇద్దర్నీ ఒకే షామియానా కింద కూర్చోబెట్టి చర్చ పెట్టాం. పేటంతా రెండు ముక్కలై చెరోవైపు కూర్చుంది. కొండలరావు బల్ల గుద్దాడు, పిన్ని రెండు బల్లలు గుద్దింది. వాదన మంచి పాకాన పడ్డ సమయానికి ఇద్దరూ ఒక్క నిమిషం అని లేచారు. షామియానా వెనక ఒకే డబ్బీలో ఇద్దరూ వేలు పెట్టి, ఏ మాటా లేకుండా, పక్కపక్కన నిలబడి పళ్లు తోముకున్నారు. పుక్కిలించి వచ్చి మళ్లీ బల్ల గుద్దుకున్నారు. యోగేష్ ఆ షాటు తీయలేదు. అప్పుడతనూ అక్కడే తోముకుంటున్నాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, సంస్థవాళ్లకి సినిమా చివర గుడాఖు మానేసిన మనిషి ఒకరు కావాలి. డాక్టరు ఆ మనిషి నోరు పరీక్షించి, చూశారా ఎంత బాగుపడిందో అనాలి. వివేక్ అభన్‌పూర్ దాకా వెతికాడు. మానేసినవాడు ఒకడున్నాడని చెప్పారు గాని వాడు పక్క ఊరు వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడట. వివేక్ మా వరండాలో కూలబడి తల పట్టుకున్నాడు. అరుగు మీద మామ్మ చుట్ట చుట్టుకుంటోంది.

“మామ్మగారు గుడాఖు వాడరు కదా?” అన్నాడు వివేక్.

వాడదన్నాను.

“వాడటం లేదంటే మానేసినట్టే కదా.”

ఇంకెప్పుడైనా అయితే ఆ తెలివికి వాణ్ణి అక్కడే కడిగేసేదాన్ని. కాని డాక్టరు, నోరు, పరీక్ష అన్న మాటలు నా చెవిలో గింగురుమంటున్నాయి. ఊఁ అన్నాను.

మామ్మ సినిమా అనగానే ముఖం కడుక్కుని వచ్చింది. ఏ చీర కట్టుకోవాలో అడిగింది. తర్వాత అసలు ప్రశ్న వేసింది.

“నోరు సూసేవోడు నిజం డాక్టరా, ఏసం డాక్టరా?”

వివేక్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ, మన సినిమా డాక్టరే మామ్మగారూ అన్నాడు. మామ్మ తృప్తిగా తలూపింది. వేషగాడికి నోరు చూపిస్తే రోగం పుట్టదని ఆవిడ లెక్క. సంస్థవాళ్లు పంపే డాక్టర్ చంద్రాకర్ నిఖార్సయిన పళ్ల డాక్టరని నేను మాత్రం ఎందుకు చెబుతాను.

అయితే ఆవిడ దారికి అడ్డంపడే మనిషి ఆవిడే. నేను గుడాఖు మానేశాను అని చెప్పమంటే, ఎప్పుడూ పట్టనిదాన్ని ఎలా మానేస్తాను, కెమెరా ముందు అబద్ధం చెప్పను అంది. వివేక్ బతిమాలాడు. బావ బతిమాలాడు. మామ్మ కదల్లేదు. సాయంత్రం తనే దారి కనిపెట్టింది. ముందు పట్టి, తర్వాత మానేస్తే అబద్ధం ఉండదు కదా అంది. పేటలో అంత నిజాయితీ ఇంకెవరికీ లేనందుకు నాకు ఏడుపొచ్చింది.

ఆవిడకి గుడాఖు నేర్పింది ఎవరనుకున్నారు? నిషేధ సమితి అధ్యక్షురాలే. ఒక మంచి పని కోసం అంటూ రంగనాయకమ్మ పిన్ని సొంత డబ్బీ తెచ్చి, ఏ వేలు వాడాలి, కింది చిగుళ్లకి ఎలా పులమాలి, ఎంతసేపు ఉంచాలి అన్నీ చూపించింది. మామ్మకి తల తిరిగింది. మర్నాటికి అలవాటైంది. వారం తిరిగేసరికి కొండలరావు కొట్లో సరుకు నాసిగా ఉందని పోట్లాట పెట్టుకుంది. షూటింగు రోజు పొద్దున డబ్బీ మురిక్కాలవలోకి విసిరేసి, నేను మానేశాను, రండిక అంది.

ఆ రోజు మా వరండాలో దీపాలు పెట్టారు. మామ్మ పెళ్లినాటి పట్టుచీర కట్టింది. డాక్టర్ చంద్రాకర్ తెల్లకోటు వేసుకుని, ముఖానికి పౌడరు కూడా రాయించుకున్నాడు. పౌడరు చూసి మామ్మకి అనుమానం పూర్తిగా పోయింది. వివేక్ యాక్షన్ అన్నాడు. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. మామ్మ అటు ఒకసారి చూసి, ఇన్నేళ్లుగా ఎవరికీ తెరవని నోరు అలవోకగా తెరిచేసింది.

డాక్టరు కింది పెదవి లాగి చూశాడు. కింది చిగుళ్లు చూశాడు. గుడాఖు పట్టే చోటు అదే కదా. కెమెరా వైపు తిరిగి, చిగుళ్లు ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో చూడండి, మానేస్తే ఫలితం ఇదీ అని హిందీలో గంభీరంగా చెప్పాడు. వివేక్ ఎగిరి గంతేసి కట్ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మామ్మ నోరు మూసేసుకుంది.

ఎవరూ పైన అంగిట్లోకి చూడలేదు. వివేక్ దీపాలు తీయించేస్తున్నాడు, ఇంత మంచి షాటు మళ్లీ రాదంటున్నాడు. నేను బావ వైపు చూశాను. బావ చిన్నప్పటినుంచి మామ్మ చేతి ముద్దలు తిన్నవాడు. హెడ్‌ఫోన్లు తీసి, రైలు కూత పడింది, సౌండు పాడైంది, మళ్లీ తీయాలి అన్నాడు. మా ఇంటి పక్కనే పట్టాలు కనక ఎవరూ అనుమానించలేదు. అప్పుడు మాత్రం ఏ రైలూ వెళ్లలేదు.

రెండోసారి మామ్మ నోరు తెరవగానే నేను ఉండబట్టలేక, సార్, పైకి చూడండి అన్నాను. వివేక్ నన్ను మింగేసేలా చూశాడు. డాక్టరు విసుక్కున్నాడు. గుడాఖు పైకి అంటదమ్మా, అంగిట్లో ఏముంటుంది అన్నాడు. మామ్మకి ఇది నచ్చలేదు. వారం రోజుల గుడాఖుకి ఇంత మర్యాద, జీవితకాలపు చుట్టకి ఏమీ లేదా అనిపించిందేమో. తనకొచ్చిన హిందీలో చెప్పింది, నేను నిప్పు లోపల పెట్టుకుని కాలుస్తాను అని. డాక్టరు నవ్వాడు. నిప్పుని ఎవరైనా నోట్లో పెట్టుకుంటారా అన్నాడు. రాయ్‌పూర్‌లో చదువుకుని రాయ్‌పూర్‌లోనే పళ్లు పీకినవాడు, అతనికి తెలియకపోవడం తప్పేం కాదు.

మామ్మ రొంటిలోంచి చుట్ట తీసింది. వెలిగించింది. నిప్పు ఎర్రగా రాజుకున్నాక, అటూ ఇటూ ఒకసారి చూసి, వెలిగిన కొసని చటుక్కున నోట్లోకి తిప్పుకుంది. పెదవులు మూసింది. ముక్కులోంచి పొగ వదిలింది. నిప్పు నోట్లో ఉండగానే డాక్టరుని, కాఫీ తాగుతావా నాయినా అని అడిగింది కూడా. యోగేష్ కెమెరా వెనక నోరు తెరుచుకుని ఉండిపోయాడు. డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

చుట్ట తీయించి, టార్చి వేసి, మామ్మ తల వెనక్కి వంచి పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. చూస్తున్నకొద్దీ అతని పౌడరు ముఖం మీద చెమట పోసింది. టార్చి ఆర్పి, తెల్లకోటు విప్పి కుర్చీ మీద పెట్టాడు. నన్ను పక్కకి పిలిచి, అంగిట్లో తెల్లమచ్చా, మధ్యలో చిన్న పుండూ ఉన్నాయి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి, ఆలస్యం చేయొద్దు అన్నాడు.

వెనకనుంచి మామ్మ గొంతు వినిపించింది.

“ఈడెవడో గాని ఏసం బలే ఏసినాడే.”

వివేక్ ఆ షాటు సినిమాలో పెట్టనన్నాడు. మనది గుడాఖు మీద, చుట్ట మన విషయం కాదు, సంస్థవాళ్లు ఒప్పుకోరు అన్నాడు. నోరు ఒకటే కదరా అని నేను అరిచిన అరుపుకి రంగనాయకమ్మ పిన్ని డబ్బీ మూత పెట్టేసింది. తర్వాత గదిలోకెళ్లి ఏడ్చాను. వివేక్ చాలాసేపు గుమ్మంలో నిలబడి, పళ్లు కూడా తోముకోకుండా, ఆస్పత్రికి మామ్మగారు వస్తారా అని అడిగాడు.

రాదు. మాకందరికీ తెలుసు. కెమెరా వస్తే తప్ప రాదు.

నాలుగు రోజుల్లో సంస్థవాళ్లు సినిమా పట్టుకెళ్లిపోయారు. మామ్మ చిగుళ్ల షాటుతో సహా, గుడాఖు మానేసిన ఆదర్శ మహిళ అని పేరు వేసి. అద్దెకి తెచ్చిన కెమెరా కూడా వెళ్లిపోయింది. యోగేష్ దగ్గర ఒక పాత కెమెరా మిగిలింది, బ్యాటరీ చచ్చిపోయి, పెళ్లిళ్లకి కూడా పనికిరానిది. రెండో భాగం తీస్తున్నాం, ఆస్పత్రి సీను అని మామ్మతో చెప్పాం. ఏ చీర అని అడిగింది.

ఆస్పత్రిలో మా బృందాన్ని చూసి వార్డంతా జుట్లు సవరించుకుంది. డాక్టర్ చంద్రాకర్ తనే దగ్గరుండి మాట్లాడి పెట్టాడు. ఈసారి పౌడరు రాసుకోలేదు. ముక్క తీసే గదిలోకి, మహా అయితే ఐదు నిమిషాలు అని మమ్మల్ని రానిచ్చారు. యోగేష్ చచ్చిన కెమెరా భుజాన పెట్టుకుని ఒక కన్ను మూశాడు. బావ ఎక్కడా తగిలించని మైకు మామ్మ మీదుగా పట్టుకున్నాడు. మా నాన్న గుమ్మం బయట గోడకి ముఖం పెట్టి నిలబడ్డాడు. వివేక్ యాక్షన్ అన్నాడు.

మామ్మ కుర్చీలో వెనక్కి వాలి కెమెరా వైపు చూసింది. సూదులున్న పళ్లెం చూసింది. మళ్లీ కెమెరా వైపు చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

“ఎర్ర దీపం ఎలగనేదే, గుంటా” అంది మెల్లగా.

నేను ఆవిడ చెయ్యి వదల్లేదు.

“పోన్లే. ఆ కుర్రోణ్ణి అలాగే ఎత్తి పట్టుకోమను.”

నోరు తెరిచింది.