విశ్రాంతి అనే మాట

నాకు ముక్కు మీద కోపమని మా నాన్న అంటారు. నిజమే గానీ, ఆ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం నేను నవ్వుతూనే ఉన్నాను. పదేళ్లుగా నగరంలో అంబులెన్స్ మీద పారామెడిక్‌గా తిరుగుతున్నాను. నేను ఇల్లు చేరేసరికి మా ఐదేళ్ల పాప నిద్రపోయి ఉంటుంది, అది లేచేసరికి నేను ఉండను. ఇప్పుడొక పల్లె ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానని రాసింది. గంటకు ఇప్పటిదానికి ఒకటిన్నర రెట్లు జీతం, అంబులెన్స్ షెడ్డు పక్కనే ఇల్లు. కాల్ లేనప్పుడు పాప నా ఒళ్లోనే ఉంటుంది. ఫ్రిజ్‌లు బాగుచేసే మా ఆయనకు పని ఎక్కడైనా దొరుకుతుంది.

"సంతకం పెట్టేస్తున్నా నాన్నా," అన్నాను పెన్ను వెతుక్కుంటూ.

"ఆగవే తల్లీ, ఒకసారి ఇటివ్వు."

ముప్పై ఏళ్లు టాక్సీ నడిపిన మనిషి. ఏ కాగితాన్నైనా కింది నుంచి పైకి చదువుతారు. మెలికలన్నీ అడుగునే ఉంటాయట.

"ఇరవై నాలుగు గంటల డ్యూటీలు, నెలకు పది. ఒక్కోదాంట్లో విశ్రాంతి పదహారు గంటలు, వాటికి జీతం లేదు. విశ్రాంతంటే ఏంటే?"

"బండి కదలనప్పుడు."

"అప్పుడు నీ పని మీద ఊళ్లోకి వెళ్లొచ్చా?"

"అమ్మో, లేదు. ఫోన్ మోగితే రెండు నిమిషాల్లో బయల్దేరాలి."

"ఓసి పిచ్చిదానా! దాన్ని వెయిటింగ్ అంటారు. ప్యాసింజరు దిగి షాపులో గంటసేపు కూర్చుంటే నేను ఎప్పుడైనా మీటర్ ఆపానా?"

లెక్క వేశాను. నెలకు రెండు వందల నలభై గంటలు అక్కడే ఉండాలి, జీతం మాత్రం ఎనభైకే. ఇప్పుడూ అన్నే గంటలు చేస్తున్నాను, అన్నిటికీ జీతం వస్తోంది. అంటే రేటు పెరిగినా చేతికొచ్చేది సగమే. పైన పటారం, లోన లొటారం! రోగి కాగితంలో ఒక్క అక్షరం వదలని దాన్ని, నా కాగితం దగ్గర రేటు చూసి మురిసిపోయాను. ఒళ్లు మండింది, వాళ్ల మీద సగం, నా మీద సగం. అయినా వదులుకోదలచుకోలేదు. నాకు పాపా కావాలి, జీతమూ కావాలి.

మర్నాడే బస్సెక్కాను.

ఆసుపత్రి మేనేజరు మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు.

"సార్, ఈ విశ్రాంతి అనే మాట కొట్టేయండి. ఆ గంటలకూ జీతం రాయండి."

"అదేంటమ్మా! రోజుకు నాలుగైదు కాల్స్ మాత్రమే వస్తాయి. మిగతా టైమంతా కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. ఇల్లు పక్కనే, పాప దగ్గరే ఉండొచ్చు కదా."

పాప మాట ఎత్తేసరికి ఒక గుక్క టీ తాగాను.

"ఉండొచ్చు సార్, బూట్లు విప్పకుండా. సరే, అది విశ్రాంతే అనుకుందాం. అయితే అప్పుడు ఫోన్ కట్టేసి పడుకుంటా, సరేనా?"

"అయ్యో, అదెలా కుదురుతుంది! ఎవరికైనా గుండెనొప్పి వస్తే?"

"అదే నేనూ అంటున్నా."

ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు. "రేటు ఇంకాస్త పెంచమంటే పెంచుతాం. ఈ మాట మాత్రం మార్చలేం. కాదంటే ఇంకొకరిని చూసుకుంటాం."

లేచాను. పాప ముఖం గుర్తొచ్చింది. అయినా గుమ్మం దాకా నడిచాను. అక్కడ తల నెరిసిన అంబులెన్స్ డ్రైవరు, ఏదో సంతకం కోసం వచ్చి, తాళాలు చేతపట్టుకుని నిలబడి ఉన్నాడు. బూట్ల లేసులు బిగించి కట్టి ఉన్నాయి. మా మాటలన్నీ విన్నట్టున్నాడు.

"ఏమ్మా," అన్నాడు నాతోనే, చూపు మాత్రం మేనేజరు మీద పెట్టి, "అయితే ఈ పదకొండేళ్లూ నేను విశ్రాంతి తీసుకున్నానా?"

నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను. కాగితం మేనేజరు ముందుకు జరిపి, పెన్ను మూత నేనే తీశాను.

"ఇద్దరికీ మార్చండి సార్. నాకొక్కదానికైతే వద్దు."

ఆయన డ్రైవరు బూట్ల వంక చూశాడు. "ఇద్దరి సంగతీ పైవాళ్లతో నేనే మాట్లాడుకుంటాలే," అని గొణుక్కుంటూ విశ్రాంతి అనే మాట మీద గీత కొట్టాడు.

"మరి ఇక్కడ ఏం రాయమంటారు?"

"డ్యూటీ," అన్నాం ఇద్దరం ఒక్కసారే.