సమ్మమ్మను అడగని మాట

ఇరవై రెండేళ్లుగా నేను మా చర్చిలో ఉపదేశిని. వరంగల్‌లోని మా పేటలో ఎవరి పిల్లకు జ్ఞానస్నానం ఇప్పించాలన్నా, ఎవరి శవం దగ్గర జపం చెప్పాలన్నా ఈ సారయ్యే. మాట్లాడటమే నా పని. అలాంటివాణ్ని పట్టుకుని ఆ ఏడు కొత్తగా వచ్చిన ఫాదర్ నోరు మూసుకుని కూర్చోమన్నాడు.

ఆగమన కాలం మొదటి ఆదివారం నాడు చెప్పాడు. క్రిస్మస్ దాకా రోజూ సాయంత్రం జపం అయ్యాక పావుగంట ఎవరూ మాట్లాడొద్దట. మనం ప్రభువుకు చెప్పుకున్నది చాలు, ఇక ఆయన చెప్పేది వినాలట. చిన్న వయసు, కొత్త ఉత్సాహం, రెండు రోజులు పోతే తనే మానుకుంటాడనుకున్నాను.

మానలేదు. నాకే పిచ్చెక్కింది. పావుగంట అంత పొడుగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మోకాళ్లు దురద పెట్టేవి. ఊరికే దగ్గేవాణ్ని, గంట తాడు సరిచేయాలని లేచేవాణ్ని, బాగానే వెలుగుతున్న కొవ్వొత్తి వత్తిని గిల్లేవాణ్ని. కదలకుండా కూర్చుంటే చాలు, నాకు ఒకే మాట వినబడేది: సమ్మమ్మను అడిగావా?

సమ్మమ్మ మా చర్చి మనిషే. భర్త పోయాక బస్టాండు దగ్గర చాయ్ బండి పెట్టుకుని బతుకుతోంది. ఆదివారం పూజ ఎన్నడూ తప్పేది కాదు. ఫిబ్రవరిలో మేడారం జాతర అయిన మర్నాడు, జాతర బస్సు దిగుతూ నా కంటపడింది. చేతిసంచిలో బెల్లం ముద్ద. మేడారంలో బెల్లాన్ని బంగారమంటారు; మొక్కు ఉన్నవాళ్లు తమ ఎత్తు బెల్లం తూచి తల్లులకు ఇచ్చి, కొంత ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుంటారు. ఇంకేం కావాలి నాకు? సమ్మమ్మ వేరే దేవతలకు మొక్కొచ్చిందని పరుగున పోయి పాత ఫాదర్‌తో చెప్పాను. ఆయన నా మాట నమ్మి ఆమెకు పూజలో అందరికీ ఇచ్చే సత్ప్రసాదం ఆపేశాడు. ఆ ఆదివారం అందరి ముందూ ఆమె పేరు చదివింది కూడా నేనే. సమ్మమ్మ కొంగు కప్పుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఎండాకాలంలో నర్సంపేటలో చాయ్ అమ్మే బక్కమ్మ మాటల్లో చెప్పింది, జాతరలో తనూ సమ్మమ్మా కలిసి చాయ్ అమ్మామని. చక్కెర ధర పెరిగి పిరమైందని బెల్లం చాయ్ కాచారట. మిగిలిన బెల్లమే సమ్మమ్మ తెచ్చుకుందట. నేను చెప్పింది తప్పని తెలిసిపోయింది. అయినా ఊరుకున్నాను. ఉపదేశి తప్పు చెప్పాడంటే ఇక నా మాట ఎవడు వింటాడు? పాత ఫాదర్ బదిలీ అయ్యాడు, ఆయనతో పాటే ఈ సంగతీ పోతుందనుకున్నాను. ఎంత సిగ్గులేని మనిషినో చూడండి.

మూడో వారం ఫాదర్ అందరినీ అడిగాడు, ఎవరికైనా ఏమైనా వినబడిందా అని. ప్రభువు శాంతి ఇస్తానన్నాడని గంభీరంగా చెప్పాను. ఆ అబద్ధం చెప్పిన రాత్రి పడుకున్నా అదే ప్రశ్న వినబడింది. మర్నాడు పొద్దున్నే సమ్మమ్మ బండి దగ్గరికి పోయాను.

దారిపొడుగునా కూర్చుకున్న ప్రసంగం ఎత్తుకున్నాను. దేవుని కరుణ, మనుషుల బలహీనత, అన్నీ. గ్లాసులు కడుగుతున్న సమ్మమ్మ తడి చెయ్యి పైకెత్తింది.

"జర ఊకో సారన్నా. పది నెలల సంది మీలో ఎవలన్న ఒక్కలు వచ్చి, ఏమైందే సమ్మమ్మా అని అడుగుతరని ఎదురుచూసిన. ఎవ్వలు అడగలే. నువ్వన్న అడుగు."

అడిగాను. ఆమె చెప్పింది. నాకు తెలిసిన సంగతే. అయినా మధ్యలో ఒక్క ముక్క కలపకుండా చివరిదాకా విన్నాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"అందరి ముందట నా పేరు చదివినవ్. అందరి ముందటనే చెప్పు," అంది.

శనివారం పాపసంకీర్తనంలో ఫాదర్‌కు అంతా చెప్పుకున్నాను. నాలుగో ఆదివారం పూజ మొదట్లో ఆయన ఎవరి తప్పులు వాళ్లు తలచుకుని మౌనంగా ఉండమనగానే లేచి నిలబడ్డాను. నేను రమ్మన్నానని వచ్చిన సమ్మమ్మ వెనక వరసలో ఉంది.

"సమ్మమ్మ మేడారంల తల్లులకు మొక్కలేదు, చాయ్ అమ్మింది. నేను ఆమెను అడగకుంటనే చెప్పిన. నిజం తెలిసినంక గూడ దాచిన."

చెప్పి చాప మీద కూర్చున్నాను. 

సత్ప్రసాదం వేళ అందరూ వరసగా నడిచారు, సమ్మమ్మ కూడా. నాకు ఆ అర్హత లేదనిపించింది. తల వంచుకుని చాప మీదే ఉండిపోయాను. తిరిగి వస్తూ ఆమె నా పక్కన ఆగింది.

"లే సారన్నా. ఫాదర్ నీ కోసం చూస్తాండు."