నా కూతకు తౌడు పరుగు

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. పాలకొల్లు బజారులో గిన్నెల కొట్టు ముందు, బిందెల పక్కన తళతళలాడుతూ కూర్చున్న రోజుల్లో నా అంత అందగత్తె లేదనుకునేదాన్ని. నాగరత్నం పెళ్ళికి ఆమె మేనమామ నన్ను కొని తెచ్చాడు. నేను మొదటిసారి కూత పెట్టగానే ఆ కొత్త పెళ్ళికూతురు గరిటె వదిలేసి పెరట్లోకి పరుగెత్తింది. తరవాత తరవాత నా మూడు కూతలు లేనిదే ఆమెకు తెల్లవారేది కాదు. తామూ ఒకప్పుడు భయపడ్డామన్న సంగతి మనుషులు భలే మరిచిపోతారు.

నాగరత్నం రొయ్యల కంపెనీలో పనిచేస్తుంది. తెల్లారగానే వచ్చే కంపెనీ బస్సు ఎవరి కోసమూ ఆగదు. ఆలోగా అన్నం ఉడకాలి, క్యారేజీ సర్దాలి. ఇంట్లో ఉండే రెండో మనిషి ఆమె కూతురు నీలవేణి. పదో తరగతి. బడిలో టీచరు పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది గాని గొంతు పెగలదట.

అలాంటి పిల్ల ఒకరోజు నోరు తెరిచి కుక్కపిల్ల కావాలంది. ఊళ్ళో ఎలీషమ్మగారని రిటైరైన నర్సు ఉన్నారు. రోడ్డున పడిన కుక్కపిల్లలను తెచ్చి, బాగుచేసి, ఎవరైనా పెంచుకునేదాకా తన పెరట్లో సాకుతారు. లారీల స్టాండులో దొరికిన ఒకదానికి, ఒంటి రంగు చూసి, తౌడు అని పేరు పెట్టారు.

“ఆదివారం దాకా ఉంచి చూడమ్మా నాగరత్నం. అలవాటుపడితే మీదే. బెదురుతానే ఉంటే మాత్రం నేను పట్టుకుపోతా,” అని దాన్ని అప్పగించి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్న నీలవేణి వంటింటి గడప దగ్గర కూర్చుని, పెరుగన్నం ముద్ద చేత్తో పట్టుకుని, “తౌడూ, దామ్మా,” అని పిలిచింది. అది పొట్ట నేలకు ఆనించి పాక్కుంటూ వచ్చింది. ముక్కు ఆమె వేళ్ళకు తగలబోతోంది. అప్పటికే నా కడుపులో ఆవిరి సుళ్ళు తిరుగుతోంది. బుస్సుమన్నాను. ఆపుకోవాలని చూశాను. ఆవిరి నా మాట వింటుందా? కూత పెట్టేశాను.

తౌడు మంచం కింద దూరి, అక్కడే తడిపేసి, సాయంత్రం దాకా బయటికి రాలేదు.

మర్నాడూ అంతే. ఆ తరవాత నీలవేణి గొంతు వింటేనే వణికిపోయేది. ఆ పిలుపు వెనకాలే కూత వస్తుందని దానికి అనిపించింది కాబోలు.

“నువ్వంటేనే దానికి బెదురే. మనుషులతోనే మాట్లాడలేవు, కుక్కతో ఏం మాట్లాడతావ్?” అని తల్లి నవ్వింది. నీలవేణి నవ్వలేదు. పొయ్యి గట్టుకు ఆనుకుని, “నాలోనే ఏదో ఉంది,” అని గొణుక్కుంది.

నీలో కాదు తల్లీ, నాలో! అని చెబుదామంటే నాకున్నది ఒక్కటే మాట. ఆ మాటే కొంప ముంచుతోంది.

ఆదివారం ఎలీషమ్మగారు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చారు. ఆమెకు పప్పన్నం పెడదామని నాగరత్నం నన్నే పొయ్యి ఎక్కించింది.

తౌడు ఎలీషమ్మగారి ఒళ్ళో ముడుచుకుంది. “పోన్లే పిల్లా, ఇంకోదాన్నిస్తా. ధైర్యవైందాన్ని,” అన్నారామె. నీలవేణి తల అడ్డంగా ఊపి, చివరిసారిగా చెయ్యి చాపింది. తౌడు ఒళ్ళోంచి దిగింది. మెడ సాచింది. అంతే, బుస్సుమన్నాను, కూశాను. అది సైకిలు చాటుకు దూకింది.

ఎలీషమ్మగారు సైకిలు వంక చూసి, నా వంక చూసి, పడీ పడీ నవ్వారు.

“ఓసి పిచ్చి మొహాల్లారా! ఇది లారీల స్టాండులో దొరికింది కదే! లారీ బ్రేకేస్తే ఇలాగే బుస్సంటది! మా ఇంట్లో అన్నీ కట్టెల పొయ్యి మీద డేగిసాలోనే వండుతాను, నాకూ తట్టలేదు. అది మీ పిల్లని చూసి కాదు నాగరత్నం, నీ కుక్కర్‌కి పారిపోతంది!”

నాగరత్నం ముఖం వాడిపోయింది. “కుక్కర్ లేకపోతే నాకు బస్సెలా అందుద్దండీ? పొద్దున్నే గంజి వార్చుకుంటా కూచోనా?”

తౌడును చుట్టుకుని పట్టుకుపోదామని ఎలీషమ్మగారు నెమ్మదిగా తువ్వాలు విప్పారు.

“నేను వారుస్తానమ్మా. రోజూ నేనే లేస్తాను. దాన్ని పంపొద్దు.”

అది నీలవేణి గొంతే. పరాయి మనిషి ముందు అంత గట్టిగా ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తల్లి కూతురి వంక చూసి, “ముందు ఆ పొయ్యి కట్టెయ్యి,” అంది.

నన్ను అటకెక్కించారు. మొదట్లో కిందినుంచి మాడు వాసన వచ్చేది. “ఇది అన్నవా, బంకా?” అని నాగరత్నం దెప్పేది. క్యారేజీ మాత్రం ఖాళీ చేసే తెచ్చేది.

కొన్నాళ్ళకు పాత సామాన్లవాడు వీధిలో కేకేశాడు. నాగరత్నం నన్ను దింపి దుమ్ము దులిపింది. “కిందిది ఉంచమ్మా, తౌడుకి నీళ్ళకి,” అంది నీలవేణి. నా మూత, దాని మీది విజిలు బండిలో పడ్డాయి. నా గొంతు వాటితోనే పోయింది.

నీలవేణి పెరట్లో నన్ను పెట్టి నిండా నీళ్ళు పోసింది. తౌడు దూరంగా నిలబడి చూసింది. ఒక అడుగు వేసి ఆగింది. గాలికి నీళ్ళు కదిలినా నేను హడలిపోయాను. దాని ముక్కు నా అంచుకు తగిలింది. మూతి ముంచి తాగసాగింది. ఆ నాలుక చప్పుడు తప్ప నాలోంచి మరే శబ్దమూ రాలేదు.