ముడి వేసిన వైర్లు

చిన్నమేస్త్రీ చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాళ్ళం. అన్నంటే ప్రాణం పెట్టే మనిషాయె! ప్రాణం పెట్టేవాళ్ళే ఒక్కోసారి నిలువునా కొంప ముంచుతారు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే షెడ్డు, ఒకటే పని. పాత మోటారు సైకిళ్ళు బాగుచెయ్యడం పెద్దమేస్త్రీ నేర్పాడు, తమ్ముడు నేర్చుకున్నాడు. ఆ తర్వాత పెద్దాయన కళ్ళు మసకబారుతూ బారుతూ పూర్తిగా పోయాయి. కళ్ళతోపాటు నవ్వూ పోయింది. మధ్యాహ్నం భార్య చెయ్యి పట్టుకుని షెడ్డులో దిగబెడితే, మూలనున్న తన సొంత బండి పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆవిడను ఎక్కించుకుని ఊరంతా తిరిగిన బండి అది. వైరింగు కాలిపోయి ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకుపోతోంది. ఆయన దాని ట్యాంకు కింద చేతులు పెట్టి ఏదో తడుముతూ ఉండేవాడు.

"ఏం చేస్తున్నావన్నయ్యా?" అంటే, "నీ పని నువ్వు చూసుకోరా" అని కసిరేవాడు.

ఎలాగైనా సరే ఆ మనిషిని ఒక్కసారి నవ్వించాలి. అంతకుమించి కోరికేం లేదు తమ్ముడికి.

వదిన పుట్టింటికి వెళ్తూ ఆయన్నీ వెంటబెట్టుకు వెళ్ళింది. ఇదే అదను అనుకున్నాడు చిన్నమేస్త్రీ. ట్యాంకు విప్పి చూస్తే ఏముంది! లైటుకు నల్ల వైరే, బ్రేకుకు నల్ల వైరే, హారన్‌కూ నల్ల వైరే. పైగా అన్నిటికీ దారంతో ముడులు.

"అయ్యో, పొద్దుపోక అల్లుకున్నాడు పాపం" అనుకున్నాడు. రంగు తేడా లేని వైరింగును ఏ మెకానిక్కూ నమ్మడు. మొత్తం పీకేశాడు. తుక్కువాడు వస్తే బస్తాలో కుక్కి పంపేశాడు. అంతటితో ఆగాడా? తిండీ తిప్పలూ మాని రంగురంగుల కొత్త వైర్లు వేశాడు, ట్యాంకుకు రంగు కొట్టాడు, సీటు మార్పించాడు. అన్నయ్య మొహం ఎలా వెలుగుతుందో తల్చుకుని తనలో తనే మురిసిపోయాడు.

వాళ్ళు తిరిగి రాగానే అన్నను బండి మీద కూర్చోబెట్టాడు. "కొట్టన్నయ్యా కిక్కు!"

ఒక్క కిక్కుకే బండి అందుకుంది. వదిన నోటి మీద చెయ్యి వేసుకుంది. పెద్దాయన మాత్రం ఇంజను ఆపేసి, ట్యాంకు కింద చెయ్యి పెట్టి చాలాసేపు వెతికాడు.

"నా ముడులేవిరా?"

"ఏ ముడులన్నయ్యా?"

"ఒక ముడి లైటుది. రెండు ముడులు బ్రేకుది. మూడు ముడులు హారన్‌ది. రంగులు నాకెక్కడ కనపడి చచ్చాయిరా? వేళ్ళకు తెలియాలని వేసుకున్నాను."

"ఆ నల్ల వైరు చుట్ట నాచేతే కొనిపించారయ్యా" అంది వదిన మెల్లగా. "పూర్తయ్యేదాకా నీకు చెప్పొద్దన్నారు."

చిన్నమేస్త్రీ నేల మీద పడి బల్ల కిందా డబ్బాల వెనకా వెతికాడు. తుక్కువాడి కంట పడని ముక్క ఒక్కటి దొరికింది. తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. పెద్దాయన దాన్ని వేళ్ళతో తడిమాడు.

"హారన్‌ది. ఇదొక్కటే కలపాల్సి ఉంది. వచ్చీ రాగానే కలిపి, నీ వెనక గట్టిగా మోగిద్దామనుకున్నా. ఉలిక్కిపడి చస్తావని" అంటూ నవ్వాడు.

ఇన్నాళ్ళూ తమ్ముడు ఎదురుచూసిన నవ్వే. చూడలేకపోయాడు.

"మొత్తం విప్పేస్తానన్నయ్యా. ఈ క్షణమే పీకేస్తా. మళ్ళీ నువ్వే వెయ్యి."

"ఎందుకురా? బాగానే చేశావుగా. నాకంటే బాగా చేశావు." పెద్దాయన బండి దిగి, భార్య చెయ్యి కోసం చెయ్యి చాపాడు.

మర్నాడు మధ్యాహ్నం వదిన ఒక్కతే షెడ్డుకు వచ్చింది, పీట ఇంటికి తీసుకుపోవడానికి.