గట్టు కింద చోటు

"మెకానిక్కు మధ్యాహ్నం భోజనానికి వస్తాడు, కొర్రమీను పులుసు పెట్టు," అని పొద్దున్నే చెప్పి గంగరాజు లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు. అతని భార్య నాంచారమ్మ చేపకు బూడిద రాసి పట్టుకుందేగాని కత్తిపీట వాల్చలేదు. వచ్చేవాడు ఇంజను బాగుచేస్తాడు. బాగయితే మళ్ళీ తను ఎక్కాలి.

అత్తగారు పెద్దింట్లమ్మ కొల్లేటి మనిషి. కొత్త పడవైనా, చిల్లు పూడ్చిన పడవైనా నీళ్ళలోకి తోశాక ముందు ఇంటి ఆడది ఎక్కి కూర్చోవాలనేది వాళ్ళింటి ఆచారం. కాపురం బెజవాడకు మారింది, పడవ పోయి, యుద్ధమయ్యాక మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన డీజిలు లారీ వచ్చింది. ఆచారం మాత్రం పోలేదు. ఏ మరమ్మతు జరిగినా, చేపల బుట్టలు ఎక్కించేముందు నాంచారమ్మ కొబ్బరికాయ ఒళ్ళో పెట్టుకుని, డ్రైవరు పక్కన కూర్చుని రేవు దగ్గర్నించి కాలువ గట్టు ఎక్కి దిగిరావాలి. "ఇంటి లక్ష్మివి, నువ్వు కూర్చుంటే బండికేం కాదు," అనేవాడు గంగరాజు, గట్టు కింద చేతులు కట్టుకు నిలబడి.

పోయిన నెల గట్టు సగం ఎక్కాక ఇంజను ఆగిపోయింది. బ్రేకు పట్టలేదు. లారీ వెనక్కి జారుతుంటే డ్రైవరు తలుపు తోసుకుని దూకేశాడు. ఆమె వైపు తలుపు తెరుచుకోలేదు. పక్క అద్దంలో కాలువ పెద్దదవుతూ దగ్గరికి రావడం చూస్తూ కూర్చుంది. చివరికి చక్రాలు రేవు బురదలో దిగబడి ఆగాయి. గంగరాజు పరుగెత్తుకొచ్చి ఒంగి ఇరుసు చూశాడు, చక్రాలు చూశాడు. "అమ్మయ్య, బండికేం కాలేదు," అన్నాడు. పగిలిన కొబ్బరికాయ నీళ్ళతో చీర తడిసి ఆమె ఇంకా లారీ సీటులోనే ఉంది. ఆ సాయంత్రం అన్నం ఆమే వండింది. బురదైన అతని గుడ్డలూ ఆమే ఉతికింది. అప్పటినుంచి వంటింట్లో గిన్నె జారినా ఆమె గుమ్మం పట్టుకుంటుంది.

ముందు చూసిన మెకానిక్కులు డీజిలని వినగానే, పెట్రోలు బళ్ళయితే చేస్తామని వెళ్ళిపోయారు. అందుకని గంగరాజు గుంటూరుకు కబురంపి శౌరయ్యను పిలిపించాడు. అస్సాం కొండల్లో మిలిటరీ లారీలు బాగుచేసి వచ్చిన మనిషి. గోళ్ళలో నలుపు ఎంత కడిగినా పోలేదు. ఆకు ముందు కూర్చుని అడిగాడు.

"ఆగబోయే ముందు ఇంజను ఎట్లా మోగిందండీ? లోపల ఎవరున్నారు?"

"డ్రైవరు. వాడు ఆరోజే పని మానేసి పోయాడు."

"ఇంకెవరూ లేరా?"

"మా ఆవిడ ఉంది. ఆడమనిషికి ఇంజను సంగతేం తెలుస్తుంది లెండి. పులుసు వేయించుకోండి."

నాంచారమ్మ గరిటె ఆకు దాకా వచ్చి ఆగింది. మాట్లాడితే అత్తగారు ఊరుకోదు. మాట్లాడకపోతే మళ్ళీ ఆ సీటులో కూర్చునేది తను.

"గుటక పడనట్టు ఆగి ఆగి మోగిందండీ," అంది.

శౌరయ్య తల పంకించాడు. "డీజిలు గొట్టంలో గాలి దూరిందమ్మా. అది చేసేస్తా. బ్రేకు సంగతి మాత్రం గట్టెక్కించి చూస్తేగాని చెప్పలేను."

పరాయి మగాడి ముందు నోరేమిటని అత్తగారు రాత్రిదాకా సాధించింది. నాంచారమ్మకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. గట్టెక్కించి చూస్తేగాని, అన్న ఒక్క మాటే లోపల తిరుగుతూ ఉంది.

పని పూర్తయిన రోజు పొద్దున శౌరయ్య స్టీరింగు ముందు కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు. కాళ్ళకింద నేల అదిరింది. పెద్దింట్లమ్మ లారీకి బొట్టుపెట్టి కొబ్బరికాయ కోడలి చేతిలో పెట్టింది. "ఎక్కవే, ఎండెక్కుతోంది."

నాంచారమ్మ ఇనప మెట్టు మీద కాలు పెట్టింది. రెండో కాలు లేవలేదు. మొదటిది కూడా తీసి నేలమీద పెట్టి, కాయ తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

"ఈసారి మీరు కూర్చోండి," అంది.

గంగరాజు నవ్వాడు. "పిచ్చిదానా, లక్ష్మివి నువ్వు కదే."

"బండి మీదేగా."

"ఎవరో ఒకరు ఎక్కండి, డీజిలు తగలడిపోతోంది," అన్నాడు శౌరయ్య పైనుంచి.

ఆమె వెళ్ళి గట్టు కింద అతను ఎప్పుడూ నిలబడేచోట నిలబడింది. గంగరాజు తలుపు మీద చెయ్యి వేసి గట్టు వంక చూశాడు, తిరిగి కాలువ వంక చూశాడు. కాయ చంకలో ఇరికించుకున్నాడేగాని మెట్టు మీద కాలు పెట్టలేదు. ఆ భయం ఆమెకు బాగా తెలుసు. అది ఇవాళ పుట్టింది కాదు. ఇన్నాళ్ళూ దానికి లక్ష్మి అని పేరు పెట్టి, అతను ఆమె ఒళ్ళో పెడుతూ వచ్చాడు.